డిస్కు నాడి

మనుషుల జబ్బులకు మందు చెప్పేవారు ఇరుగుపొరుగున ఎంతమంది వున్నారో, కంప్యూటర్ జబ్బులకు అంతకు రెట్టింపు మంది వున్నారు. గడచిన వేసవిలో మా ఇంటి యంత్రం మొరాయించినప్పుడు ఈ సంగతి నాకు తెలిసివచ్చింది. ఒక ఫైలు తెరవమంటే కాఫీ కాచి తెచ్చుకొనేటంత సేపు తీసుకొనేది. లోపలినుంచి బల్లి పలికినట్టు టిక్కు టిక్కుమని చప్పుడు. "వైరస్ పట్టిందండీ" అన్నారు ఎదురింటావిడ. "విండోస్ మళ్ళీ వేస్తే సరి, అత్తయ్యా" అన్నాడు మా ఆడపడుచు కొడుకు. "ఎనిమిదేళ్ళు చాకిరీ చేసింది, పారెయ్యి" అన్నారు మావారు.

పారెయ్యడానికి నాకు అభ్యంతరం లేదు. కాని అందులో మా అత్తగారి గొంతు వున్నది. పోవడానికి ముందు రెండేళ్ళపాటు, మధ్యాహ్నం పూట వంటింటి గడపలో కూచుని ఆవిడ పాడగా నేను రికార్డు చేసిన పాటలు 63. పెళ్ళిపాటలు, హారతులు, లాలిపాటలు. వాటిలో కొన్ని అచ్చులో ఎక్కడా నాకు కనపడనివి.

తెలుగు ఎమ్మేకు హార్డ్ డిస్కుతో పనేమిటని మీరు నవ్వవచ్చు. తాళపత్రాలు చూసేవాళ్ళకు ఇది మరీ కొత్త విద్య కాదు. ఆకును పురుగు తిన్నదా, లేక కట్టిన తాడే తెగిందా అని ముందు చూసుకొంటాం. రెండూ ఒక జబ్బు కాదు.

డిస్కు తన రోగాల చిట్టా తానే రాసుకొంటుందట. దాని పేరు స్మార్ట్. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం తెరిస్తే ఆ చిట్టా కనపడుతుంది. బోలెడు వరుసలున్నా, నాకు కావలసినవి మూడే. 05 అన్న వరుసలోవి చెడిపోయినందున బదులుచోటుకు మార్చిన సెక్టార్లు. సి5 వరుసలోవి చదవబోతే లొంగక, తీర్పుకోసం కాచుకొని వున్నవి. సి7 మాత్రం తీగ దారిలో జరిగిన పొరపాట్ల లెక్క. అదొక్కటే పెరుగుతూ వుంటే డిస్కును నిందించే ముందు చవక తీగ ఒకటి మార్చి చూడాలి. తాడు తెగడమంటే అదే.

మాకు సి7 సున్న. సి5 ఎదుట 18. ఆ 18 మన 18 కాదు. పదహారేసి చొప్పున లెక్క కనక 24. మర్నాటి సాయంత్రానికి అది 40 అయింది. అంకె వున్నందుకు కాదు, పెరిగినందుకు నాకు భయం వేసింది.

అన్నట్టు, 1956లో ఐ.బి.ఎం. వారు తెచ్చిన మొదటి డిస్కులో 24 అంగుళాల పళ్ళేలు 50 వుండేవి. అన్నీ కలిసి 50 లక్షల అక్షరాలు పట్టేవి. మా అత్తగారి పాట ఒక్కటి ఇమిడేదేమో! ఇప్పటి పళ్ళెం అరచేతిలో పడుతుంది. చదివే తల దానికి నానోమీటర్ల ఎత్తున తేలుతూ వుంటుంది. అక్కడ చిన్న గీత పడినా ప్రమాదమే.

"చెక్ డిస్క్ నడిపిస్తానత్తయ్యా" అన్నాడు కుర్రవాడు. వద్దన్నాను. అది ఫైళ్ళ పట్టికను సరిదిద్దేది, పాటలను బతికించేది కాదు. పైగా చెడ్డచోట్ల కోసం డిస్కంతా గాలించమంటే, కొనప్రాణంతో వున్నదాన్ని కొండ ఎక్కమన్నట్టే. ముందు నకలు, తరవాతే చికిత్స. కొత్త డిస్కు కొని, డిడి రెస్క్యూ అనే ప్రోగ్రాంతో ఎత్తి రాయించాం. అది బుద్ధిమంతురాలు. సులువుగా వచ్చేదంతా ముందు తీసుకొని, మొండికేసిన చోట్లకు తరవాత వస్తుంది. ఎంతవరకు అయిందో రాసిపెట్టుకొంటుంది. రెండు రాత్రులు పట్టింది. మావారు కూడా రెండుసార్లు లేచి చూశారు, ఏమీ ఎరగనట్టు.

63లో 60 క్షేమంగా వచ్చాయి. రెండింటిలో నడుమ గొంతు తెగింది. ఒకటి, అప్పగింతల పాట, తెరుచుకోనే లేదు.

మా ఆడపడుచుకు ఫోను చేస్తే రెండు చరణాలు పాడింది, రాసుకొన్నాను. మూడోది "అమ్మ గోరింట చెట్టు గురించి ఏదో పాడేది వదినా" అంటుంది గాని, మాటలు రావడం లేదు. కాకినాడలో వాళ్ళ పెద్దమ్మగారున్నారు, 86 ఏళ్ళు. వచ్చే ఆదివారం ఇద్దరం బయలుదేరుతున్నాం.