దబ్బనంతో కుట్టిన నవలలు

నేతాజీ నగర్‌లో మా క్వార్టర్ ఇప్పుడు లేదు. దక్షిణ ఢిల్లీలో పాతబడ్డ ఏడు సర్కారు కాలనీలను పడగొట్టి కొత్తగా కట్టాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. వాటిలో మాదీ ఒకటి. మొన్న ఆ దారిన వెళ్తే రేకుల కంచె, దాని వెనక క్రేన్లు కనిపించాయి. మా గుమ్మం ముందు నేరేడు చెట్టు ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను. ఆ చెట్టు కింద వేసవి రాత్రుళ్లు నవారు మంచాలు వేసుకుని మా అమ్మ పైకి చదివిన సీరియళ్లు మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు.

నాన్న కృషి భవన్‌లో గుమాస్తా. అమ్మది కృష్ణా జిల్లా, మొవ్వ దగ్గర పల్లె. ఎనిమిదో తరగతితో చదువు ఆపించారు. పెళ్లయ్యాక విజయవాడలో జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఒక ట్రంకు పెట్టెతో ఢిల్లీలో దిగింది. హిందీ ముక్క రాదు. కూరలవాడితో వేళ్లు చూపించి బేరమాడేది. నాన్న ఆఫీసుకెళ్లాక సాయంత్రం దాకా తెలుగు మాట వినిపించాలంటే రేడియో పెట్టాల్సిందే. ఆకాశవాణి తెలుగు వార్తలు అప్పట్లో ఢిల్లీ నుంచే చదివేవారు. తన పుట్టింటి అరుగు మీద అందరూ వినే ఆ గొంతులు తను కాపురమున్న ఊళ్లోనే ఉన్నాయని ఆమెకు పెద్ద ధైర్యం.

రెండో ధైర్యం వారపత్రిక. మా వరసలో నాలుగు తెలుగు ఇళ్లుండేవి. ఒకరు ఆంధ్రప్రభ, ఒకరు ఆంధ్రజ్యోతి, మేము ఆంధ్రభూమి, చివరింటివాళ్లు నెలకోసారి స్వాతి, యువ కొనాలని ఒప్పందం. కన్నాట్ ప్లేస్‌లో దక్షిణాది పత్రికలు అమ్మే కొట్టుకి నాన్న వారం వారం వెళ్లేవాడు. పత్రిక హైదరాబాదులో వచ్చిన మూడు నాలుగు రోజులకి మాకు అందేది. నాలుగిళ్లూ తిరిగి, నూనె మరకలతో, చివర్లు మడతలు పడి, మళ్లీ కొన్నవాళ్లింటికే చేరేది. అప్పుడు సీరియల్ పేజీలు చించుకునే హక్కు వాళ్లది.

అమ్మ ఆ పేజీలను జాగ్రత్తగా విడదీసి, తేదీల వరసన పేర్చి, పరుపు కింద పెట్టేది. సీరియల్ ముగిశాక దబ్బనం, పురికొస తీసేది. మూడు చోట్ల పొడిచి, బిగించి కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసి, మైదా ఉడికించిన బంక రాసేది. పైన పేరు నాన్న చేత ఎర్ర సిరాతో రాయించేది. కథ సగంలో ఆగిన చోట పక్కన తలనొప్పి మాత్రల ప్రకటనో, వంకాయ కూర చేసే విధానమో ఉండేది. నా లెక్కకి అలాంటివి మా ఇంట్లో నలభై దాకా ఉండేవి. వాటిలో మొదటిది పెళ్లికి ముందే, జ్యోతి మాసపత్రిక పేజీలతో ఆమె కుట్టుకున్న యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’. ట్రంకు పెట్టెలో పట్టుచీర కింద దాచి తెచ్చుకుంది. సులోచనారాణిది కాజ, అదీ మొవ్వ దగ్గరే. “మా కాజ అమ్మాయి” అనేది అమ్మ, ఒక్కసారైనా చూడకపోయినా.

నేను చదివింది కేంద్రీయ విద్యాలయంలో. ఇంగ్లీషు, హిందీ, సంస్కృతం. తెలుగు నాన్న పెద్ద బాలశిక్షతో మొదలుపెట్టించాడు. గుణింతాల దగ్గర ఏడ్చి మానేశాను. తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు, రాకపోతే నష్టమేమిటో తెలియదు. ఢిల్లీలో పెరిగిన తెలుగు పిల్లల్లో చాలామంది ఇప్పటికీ అక్కడే ఆగిపోతున్నారు.

1980ల మొదట్లో ఆంధ్రభూమి వీక్లీలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వస్తోంది. రాత్రి తొమ్మిదికి అంట్లు తోముకుని ఆడవాళ్లంతా నేరేడు చెట్టు కిందికి చేరేవారు. వీధి దీపం కింద అమ్మ చదివేది. మమ్మల్ని లోపలికి తోలేసేవారు. ఒక రాత్రి కిటికీలోంచి విన్నాను. సరిగ్గా పసిపిల్లకి ఏదో కాబోతున్న చోట అమ్మ పత్రిక మూసేసింది. “అంతే, మళ్లీ వారం” అంది. నిద్రపట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం అమ్మ పడుకున్నాక పరుపు కింది పేజీలు లాగి, వేలుపెట్టి కూడబలుక్కున్నాను. క-కి దీర్ఘం కా. ష-కి మ-వత్తు, ఓత్వం. రా. కాష్మోరా, ఆ నవల్లోని క్షుద్రశక్తి పేరు. ఎవరి సాయమూ లేకుండా నేను చదివిన మొదటి తెలుగు మాట అదే. వారం తిరిగేసరికి పేజీ చదవగలిగాను, మూడు నెలలకి పుస్తకం. బాలశిక్ష రెండేళ్లలో చేయలేకపోయిన పని అది.

ఆ నవల చేసిన చెడు కూడా నా కళ్లతో చూశాను, చెప్పకపోతే అన్యాయం. చివరింటి పిల్లాడికి జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. వాళ్లమ్మ ఆసుపత్రి మాట వినలేదు. ఎవరో చేతబడి చేశారని, మంత్రగాణ్ని పిలిపించాలని పట్టుబట్టింది. ఆమె నోట వచ్చిన మాటలన్నీ ముందు వారం చెట్టు కింద విన్నవే. అమ్మ ఆమెతో వాదించలేదు. పిల్లాణ్ని చంకనేసుకుని, నాన్నని తీసుకుని, ఆటోలో సఫ్దర్‌జంగ్ ఆసుపత్రికి వెళ్లిపోయింది. రెండు రోజుల్లో పిల్లాడు లేచి తిరిగాడు. ఆ తర్వాత అమ్మ ‘తులసిదళం’ పైకి చదవడం మానేసింది. ఆ నవల మీద రంగనాయకమ్మ ఎంత తీవ్రంగా రాశారో, క్షుద్ర సాహిత్యమనే మాట పత్రికల్లో ఎంత దుమారం రేపిందో పెద్దయ్యాక చదివాను. ఆ కోపం న్యాయమైనదని ఇవాళ కూడా అంటాను. నాకు అక్షరాలు నేర్పిన పుస్తకం కదా అని దాని తప్పు మాఫీ చేయలేను.

రంగనాయకమ్మ నవలలు కూడా సీరియళ్లుగా అవే వారపత్రికల్లో వచ్చినవే. ‘బలిపీఠం’ 1975లో సినిమా అయింది. మా నాలుగిళ్లలో ఆమెను చదివిన ఆడవాళ్లే సులోచనారాణినీ చదివారు, మల్లాదినీ చదివారు. ఒక అరలో చెత్త, ఒక అరలో సాహిత్యం అని పెట్టుకుని బతకలేదు వాళ్లు. ఏ కథలో ఎంత నిజముందో వాదించుకునేవారు. “ఆరడుగుల హీరో కారులో వచ్చి చెయ్యి అందిస్తాడుటండీ, మనింటికి బస్సు కూడా సరిగా రాదు” అని పక్కింటి పిన్నిగారు అన్నప్పుడు పడిన నవ్వు నాకు గుర్తే. నవ్వి, మళ్లీ వారం కోసం ఎదురుచూశారు. వాళ్లని ఆ కలలు మోసం చేశాయనేవాళ్లు వాళ్ల పక్కన ఒక్క రాత్రి కూడా కూర్చోలేదు.

అలా కూర్చోని మనిషి ఒకరు మా అమ్మ మనసు విరిచారు. ఒక తెలుగు సంఘం వాళ్లు లైబ్రరీ పెడుతున్నామని, పుస్తకాలుంటే ఇమ్మని అడిగారు. అమ్మ రెండు రాత్రుళ్లు కూర్చుని పదిహేను కుట్టు పుస్తకాలకు కొత్త అట్టలు వేసింది. నేను, అమ్మ సంచిలో మోసుకెళ్లాం. అక్కడున్న పెద్దమనిషి రెండు తిరగేసి, “ఇవి వంటింటి నవలలమ్మా, ఇక్కడ సాహిత్యం ఉంచుతాం” అని సంచీ వెనక్కి జరిపారు. అమ్మ ఏమీ అనలేదు. బస్టాపులో నిలబడ్డప్పుడు అట్ట మీద పడిన వేలిముద్ర చీరచెంగుతో తుడిచింది. నాకు పన్నెండేళ్లు. ఆ మాటకి జవాబు వెతకడంలోనే నా సగం చదువు సాగింది.

1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య జరిగింది. మర్నాటి నుంచి ఢిల్లీలో సిక్కులను వెతికి చంపారు. మా పైవాటాలో ఒక సర్దార్జీ కుటుంబం ఉండేది. ఆయన ఉద్యోగం మీద వేరే ఊళ్లో చిక్కుకుపోయాడు. భార్య, ఆరేళ్ల కొడుకు. నాన్న చీకటిపడ్డాక వాళ్లని కిందికి తీసుకొచ్చి, కిటికీలకు దుప్పట్లు కట్టి, వంటింట్లో పడుకోబెట్టాడు. మూడు రాత్రుళ్లు దీపం వేయలేదు. దూరంగా పొగ, అరుపులు. ఆమె గోడకి ఆనుకుని వణుకుతూ కూర్చుంది. నిద్రపోతే ఏమవుతుందోనని నిద్రపోదు.

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, తనకొచ్చిన హిందీలో, ‘సెక్రటరీ’ కథ చెప్పడం మొదలుపెట్టింది. “ఏక్ లడ్కీ థీ, జయంతి. గరీబ్, లేకిన్ కిసీకే సామ్నే ఝుక్తీ నహీఁ.” వ్యాకరణం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. కాసేపటికి చీకట్లోంచి చిన్న గొంతు: “ఫిర్?” ఉద్యోగంలో చేరిందా, రాజశేఖరం ఏమన్నాడు, ఆ పిల్ల ఎందుకు అపార్థం చేసుకుంది. ఒక చోట అమ్మ ఆపి, “బాకీ కల్” అంది. సరిగ్గా జ్యోతిలో ఆ నెల భాగం ముగిసిన చోటే ఆపింది. తను కుట్టిన పేజీలు కాబట్టి ఎక్కడెక్కడ తెగిందో ఆమెకు తెలుసు. ఆ రాత్రి ఆవిడ కాసేపు కళ్లు మూసింది. మూడో రాత్రి కథ అయ్యాక, “మా గుల్షన్ నందా కూడా ఇలాగే రాస్తాడు” అంది. అంతవరకూ ఆవిడ నవలలు చదువుతుందని మాకు తెలియదు. సరోజినీ నగర్ మార్కెట్లో అద్దె పుస్తకాల కొట్టు నుంచి రోజుకి పావలా ఇచ్చి తెచ్చుకునేదట.

తర్వాత ఆవిడ వెంట ఆ కొట్టుకి నేనూ వెళ్లాను. అక్కడ గుల్షన్ నందా, సురేంద్ర మోహన్ పాఠక్, వేద్ ప్రకాశ్ శర్మ. శర్మది మీరట్. హిందీ చవక నవలలకు మీరట్ పెద్ద అచ్చుకేంద్రం. పాఠక్ ఢిల్లీలో టెలిఫోన్ సంస్థలో ఉద్యోగం చేస్తూనే వందల నవలలు రాశాడు. రైల్వే స్టేషన్లలో వాళ్ల పుస్తకాలు దొంతర్లుగా అమ్ముడుపోయేవి. హిందీ ఆచార్యుల సాహిత్య చరిత్రల్లో మాత్రం ఆ పేర్లకు చోటు దొరకలేదు. మా అమ్మ సంచీకి జరిగిందే వాళ్లకీ జరిగిందని అప్పుడర్థమైంది. ఈ రకం నవలల్లో దొంగసొత్తు కూడా ఉంది. గుల్షన్ నందా ‘కటీ పతంగ్’ కథ అమెరికన్ రచయిత కార్నెల్ వూల్‌రిచ్ 1948 నవలకు బాగా దగ్గర. తెలుగులోనూ అలాంటివి ఉన్నాయి. కథ తెచ్చుకున్నవాడు తెచ్చుకున్న చోటు చెప్పాలి. చెప్పకపోతే ఎన్ని ముద్రణలు పడినా అది తప్పే.

పదిహేడేళ్లప్పుడు నాన్న స్నేహితుడొకరు గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ ఇచ్చారు. రెండు రోజులు అన్నం సహించలేదు. ఒక మనిషి లోపల ఇంత చీకటిని ఇంత తేటగా రాయొచ్చా అనిపించింది. ఆయన ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’కి 1963లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఆ అకాడెమీ ఉన్న రవీంద్ర భవన్ మా కాలనీకి బస్సులో అరగంట దూరం. గోపీచంద్‌ని సులోచనారాణి పక్కన నిలబెట్టి ఇద్దరూ సమానమే అనడం నాకు చేతకాదు. అతను చూసిన లోతు ఆమె చూడలేదు, చూస్తానని అనలేదు కూడా. కానీ గోపీచంద్ వాక్యం దగ్గరికి నేను నడిచి వెళ్లిన దారి మా అమ్మ పరుపు కింద నుంచే మొదలైంది. వారం వారం రాసిన ఆ రచయితలు ముందు వారం అచ్చయినదాన్ని దిద్దుకోలేరు. అలసిపోయిన మనిషిని పది పేజీల్లో లాక్కురావాలి, ఏడు రోజులు ఎదురుచూసేలా వదలాలి. మెలికల్లేని వాక్యం, చెవికి నిజంగా వినబడే సంభాషణ లేకపోతే అది సాగదు. అది పనితనం. పనితనానికి ఇచ్చే గౌరవం వాళ్లకి బాకీ ఉన్నాం. అమ్మకాలు చూసి ఇవ్వమనడం లేదు. పేజీలు విప్పి చదివి, బాగున్నది బాగుందని, చేతబడిని చేతబడి అని పేరుపెట్టి చెప్పమంటున్నాను. చదవకుండానే సంచీ వెనక్కి జరపొద్దంటున్నాను.

2018 మే నెలలో సులోచనారాణి కాలిఫోర్నియాలో కన్నుమూశారు. అప్పటికి మేము నోయిడాకి మారి చాలాకాలమైంది. వార్త చెప్తే అమ్మ కాసేపు మాట్లాడలేదు. “మా కాజ అమ్మాయి అంత దూరం వెళ్లిందా” అంది. లేచి, అల్మారాలోంచి ‘సెక్రటరీ’ తీసి ఒడిలో పెట్టుకుంది. పురికొస నల్లబడింది, వదులవలేదు.

నలభైలో మిగిలినవి పదకొండు. తక్కినవి ఇల్లు మారినప్పుడల్లా కబాడీవాలా తక్కెట్లోకి వెళ్లాయి. ఢిల్లీలో, గుర్గావ్‌లో, ఘజియాబాద్‌లో, మీ ఇంటి అటక మీద ఇలాంటి కుట్టు పుస్తకాలుంటే కిలోల లెక్కన అమ్మకండి. కిందికి దించి, దుమ్ము దులిపి, మొదటి పేజీ మీద రచయిత పేరు కింద, కుట్టినావిడ పేరు కూడా రాయండి.