నాలుగు అరచేతులంత నేల

నలభై అయిదేళ్లు వచ్చేవరకు కారు వేగమంతా ఇంజనులోనే ఉంటుందని నమ్మాను. ఆ నమ్మకాన్ని పోగొట్టినవి నాలుగు టైర్లు.

చెన్నైకి పడమట ఇరుంగాట్టుకోట్టైలో 1990లో ప్రారంభమైన రేసు ట్రాక్ ఉంది. ఒక చుట్టు దాదాపు 3.7 కిలోమీటర్లు. పందేలు లేని కొన్ని రోజులలో నావంటి సామాన్యులు కూడా సొంత కార్లను అక్కడ నడుపుకోవచ్చు. నెల్లూరు నుండి మొదటిసారి వెళ్లినప్పుడు నా చిన్న కారుకు మామూలు టైర్లే ఉన్నాయి. మలుపు మలుపుకూ అవి కీచుమంటూ మొరపెట్టుకున్నాయి. కుర్రవాళ్లు నన్ను దాటిపోతుంటే చిన్నతనంగా తోచింది. లోపం టైర్లదేనని తీర్మానించుకున్నాను.

టైరు నేలను తాకే చోటు సుమారు అరచేయంత. కారు బరువు, బ్రేకు, మలుపు, అన్నిటికీ ఆధారం ఆ నాలుగు అరచేతులే. మెత్తని రబ్బరు నేలను గట్టిగా అంటిపెట్టుకుంటుంది. కాని త్వరగా అరిగిపోతుంది. కొన్ని టైర్ల పక్కభాగంపై ‘ట్రెడ్‌వేర్’ అనే అంకె ఉంటుంది. మామూలు టైర్లకు అది 400 ప్రాంతంలో ఉంటే, ట్రాక్‌పై వాడే వాటికి 200 దరిదాపుల్లో ఉంటుంది. అది అరుగుదలను తెలిపే అంకె, పట్టును కొలిచేది కాదు. పైగా దానిని నిర్ణయించేది తయారీదారే. కనుక ఒకరి 200 మరొకరి 200తో సమానం కానక్కరలేదు. ఇవేవీ విచారించకుండా, 200 అంకె చూసి నాలుగు టైర్లు కొన్నాను.

రెండవసారి కారు నిజంగానే మలుపులను అంటుకుని పరుగెత్తింది. నా గర్వానికి అంతులేదు. అయిదవ చుట్టులో, ముందుగా ఏ అరుపూ లేకుండానే వెనుక చక్రాలు జారాయి. కారు రెండుసార్లు గిర్రున తిరిగి దుమ్ములో ఆగింది. ఉదయం 32 పాయింట్లు నింపిన గాలి, టైర్లు వేడెక్కి 40కి చేరింది. దానిని నేను మధ్యలో ఒక్కసారైనా చూసుకోలేదు.

అక్కడి శిక్షకుడు మందలించలేదు. “పాత టైర్లు మీతో మాట్లాడాయి సార్, మీరు వినలేదు. ఇవి తక్కువ మాట్లాడతాయి” అన్నాడు.

అసలు పాఠం తిరుగు ప్రయాణంలో ఉంది. నాయుడుపేట దాటాక కుండపోతగా వాన. ఆ టైర్ల గాళ్లు లోతు తక్కువ. నీటిని పక్కకు తోయలేకపోయాయి. ఒక్క క్షణం కారు నీటిపై తేలింది; చేతిలో స్టీరింగు దూదిలా తేలికైపోయింది. వెనుక సీట్లో మా అమ్మాయి నిద్రపోతోంది. ట్రాక్‌పై నా తప్పుకు మూల్యం నేనొక్కడినే చెల్లించేవాణ్ణి. ఇక్కడ అలా కాదు. నలభై వేగంతో, గుండె చిక్కబట్టుకుని ఇల్లు చేరాను.

ఆ తరువాత ఏడాదిపాటు మామూలు టైర్లతోనే నేర్చుకున్నాను. అవి ఎక్కడ కీచుమంటాయో, ఎక్కడ జారతాయో, ప్రతి విడతకూ గాలి ఎంత పెరుగుతుందో రాసుకున్నాను. పట్టున్న టైర్లను వేరే చక్రాలకు ఎక్కించి, ట్రాక్ దగ్గరే మార్చుకుంటున్నాను. ఆ ఏడాదిలో నేను తగ్గించుకున్న క్షణాలు, ఖరీదైన రబ్బరు ఇచ్చిన క్షణాలకంటే ఎక్కువ.

ఇప్పుడు బయలుదేరే ముందు మా అమ్మాయి చక్రాల వైపు ఒకసారి చూసి, “ఇవి ఇంటికి వచ్చే టైర్లేనా, నాన్నా?” అని అడుగుతుంది. అవునని చెప్పాకే కారెక్కుతుంది.