మంచం కింద సాలీడు

మ్యూజియం అంటే మనకు సాలార్‌జంగ్, గంట కొట్టే బొమ్మ కోసం గడియారం ముందు మూగిన జనం గుర్తొస్తారు కదా. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో అడుగుపెడితే నెత్తిమీద నీలి తిమింగలం. 25 మీటర్ల అస్థిపంజరాన్ని గాలిలో ఈదుతున్నట్టు వేలాడదీశారు. మ్యూజియం చూడటానికి డబ్బులక్కర్లేదు. మేము వెళ్ళిన ఫోటోల ప్రదర్శనకు మాత్రం టిక్కెట్టుంది. అడవి జీవుల ఫోటోలకు 1965లో మొదలైన పోటీ అది. నేను చూసినవి 2021లో గెలిచినవి. చదువుకని అక్కడున్న మా అమ్మాయే టిక్కెట్లు కొంది. ఎంతే అంటే చెప్పదు!

లోపలంతా చీకటి, ఫోటోలు మాత్రం వెనక దీపాలతో వెలుగుతున్నాయి. మొదటి బహుమతి లోరాన్ బాలెస్టాది. ఫ్రెంచ్ పాలినీసియాలో జులై పున్నమికి గుడ్లు పెట్టడానికి చేరే చేపల కోసం ఆయన బృందం 5 ఏళ్ళు సముద్రంలో మునుగుతూనే ఉందట. ఇంకోచోట సాలెగూడు, దాని వెనక ఇంద్రధనస్సు రంగులు. తీసింది బెంగళూరు పిల్లవాడు, 10 ఏళ్ళవాడు. ఆ రంగులేమిటా అని చదివితే, దారిన పోతున్న ఆటో! అంత దూరం వెళ్ళి ఆటోని చూసి మురిసిపోయాను.

నన్ను ఆపేసింది మాత్రం గిల్ విజెన్ ఫోటో. ఈక్వడార్‌లో ఆయన బసచేసిన గదిలో చిన్న చిన్న సాలీళ్ళు కనబడ్డాయట. మంచం కిందికి వంగి చూస్తే అరచేయంత విషపు సాలీడు, చుట్టూ వేలకొద్దీ పిల్లలు, కాపలాగా తల్లి. ఆయన ఫోటో తీసుకుని, దాన్ని బయటికి చేర్చాడట.

మా ఇంట్లో సాలీడు కనబడితే అమ్మాయి కుర్చీ ఎక్కి "అమ్మా" అని అరిచేది. బూజుకర్ర పట్టుకుని పరిగెత్తడం నా వంతు. అందుకే, "చూడకులే, పద" అన్నాను.

"నా గదిలోకీ వస్తాయమ్మా, అక్టోబర్‌లో మరీను. గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క దోపి, కిటికీలోంచి వదిలేస్తా."

"నువ్వా?"

"ఇంకెవరున్నారు?"

మామూలుగానే అంది. మొదటిసారి ఏం చేశావని అడిగాను. రాత్రంతా లైటు వేసుకుని మంచం మీద కూర్చుందట. "పదకొండున్నర అయింది. అక్కడ నీకు తెల్లవారుజాము నాలుగు. లేపడమెందుకని..."

రోజూ వీడియో కాల్‌లో ఏం వండావు, ఏం తిన్నావు అని అడుగుతూనే ఉన్నాను. ఈ సంగతి ఒక్కసారీ రాలేదు. అది తర్వాతి ఫోటోకి వెళ్ళిపోయింది. నేను ఆ తల్లి సాలీడు దగ్గరే ఉండిపోయాను. వెనకాల ఎవరో మర్యాదగా దగ్గారు, జరగమని.

గదికి వచ్చాక, ఆ గ్లాసు ఏదే అని అడిగాను. పొద్దున నాకు మజ్జిగ ఇచ్చింది అందులోనేనట.