ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆకాశం పటం

మా అమ్మాయి ప్రైవేట్ పైలట్ లైసెన్సుకి చదువుతోంది. పదిహేడేళ్ళు నిండాలి, పరీక్షలు పాసవ్వాలి, కనీసం 40 గంటలు విమానం నడిపి ఉండాలి. ఈ లైసెన్సుతో జీతం తీసుకుని విమానం నడపకూడదు, సొంతానికే. "డబ్బు రాని చదువేమిటే తల్లీ!" అని మా అత్తయ్యగారు బుగ్గలు నొక్కుకున్నారు. మన హైదరాబాదులోనే డెక్కన్ ఎయిర్‌వేస్ అని ఒక కంపెనీ ఉండేదనీ, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లోనే ప్రేమ్ మాథుర్ అనే ఆవిడ అందులో పైలట్‌గా చేరిందనీ చెప్పాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. ఖర్చు గురించి మావారు అన్నవి మాత్రం ఇక్కడ రాయను!

పోయిన నెల ఒకరోజు, "అమ్మా, నాకు మ్యాపు కావాలి" అంది.

"ఫోన్లో అన్నీ ఉంటాయిగా?"

"ఫోను ఆగిపోతే ఆకాశంలో ఎవర్ని అడగను? కాగితం మీద గీత గీసి, గడియారం చూసుకుంటూ, కింద కనబడే చెరువునీ రైలుపట్టానీ పోల్చుకోవడం రావాలంటారు మా సార్. గీతలు గీసి నేర్చుకోవడానికి పాతదైనా పరవాలేదు."

పాతది అంటే మనకు ఆబిడ్సే కదండీ! ఆదివారం మెట్రోలో నాంపల్లిలో దిగి ఇద్దరం నడిచాం. మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పుస్తకాలే. ఎంసెట్ గైడ్లు, వంటల పుస్తకాలు, అట్ట చిరిగిన నవలలు. నాలుగైదు కుప్పలు తిరగేశాక ఒకాయన దగ్గర మడతలు పెట్టిన పెద్ద కాగితం దొరికింది. "విమానాల మ్యాపమ్మా, మల్ల దొరకది" అంటూ మూడొందలు చెప్పాడు. బేరమాడి నూట ఇరవైకి తెచ్చాను.

ఇంటికొచ్చి మంచం మీద పరిస్తే చీరంత ఉంది. పల్లం నేల ఒక రంగు, ఎత్తు పెరిగేకొద్దీ ఇంకో రంగు. ఊళ్ళకంటే కొండలు, నదులు, రైలుమార్గాలే కొట్టొచ్చినట్టు కనబడతాయి. పది లక్షలకి ఒకటి కొలత, అంటే సెంటీమీటరుకి పది కిలోమీటర్లు. నా బ్లౌజు టేపు తెచ్చి హైదరాబాదు నుంచి విజయవాడకి పెట్టి చూశాను. దాదాపు పాతిక సెంటీమీటర్లు. బస్సులో అన్ని గంటల ప్రయాణం మరి! గళ్ళలో ఒక పెద్ద అంకె, పక్కనే చిన్న అంకె ఉంటాయి. పెద్దది వేల అడుగులు, చిన్నది వందలు. ఆ గడిలో కొండలూ టవర్లూ ఎంత ఎత్తు వరకూ ఉన్నాయో చెప్పే లెక్క అది. అంతకన్నా పైన ఎగరాలన్నమాట.

నేనయితే పాలపాకెట్టు కొన్నా ముందు తేదీ చూస్తాను. దీనికీ అంచున అచ్చు వేసిన సంవత్సరం ఉంది, 2008కి ముందుది. శంషాబాద్ దగ్గర వేలు పెట్టి చూస్తే ఉత్త నేలే, విమానాశ్రయమే లేదు! అది 2008 మార్చిలో కదా మొదలైంది. అప్పటిదాకా పెద్ద విమానాలన్నీ బేగంపేటలో దిగేవి. ఈ పటాన్ని నమ్మి ఒక పిల్ల చిన్న విమానంలో అటు వెళితే ఎదురుగా వచ్చేవి జెట్ విమానాలు. నాకు ఒళ్ళు జలదరించింది. సిద్దిపేట వైపు మల్లన్నసాగర్ కూడా లేదు, అది 2022లో ప్రారంభమైంది. చెరువుల గుర్తుతో దారి పట్టేవాళ్ళకి, పటంలో లేనంత నీళ్ళు కింద కనబడితే ఏ ఊరి మీద ఉన్నామో తెలుస్తుందా? ఇవి కాక దిక్సూచి ముల్లు చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉండే తేడా కూడా ఏళ్ళు గడిచేకొద్దీ మారుతుందట.

మా అమ్మాయి ఎర్ర స్కెచ్ పెన్నుతో ఆ పటం మీద అడ్డంగా "ఎగరడానికి కాదు" అని రాసింది. ఆ రాత నాకు ఎంత ధైర్యం ఇచ్చిందో!

అసలు ఎగిరేటప్పుడు సార్ సరిచూసి ఇచ్చిన పటమే వాడతారు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాళ్ళు విమానాశ్రయాల పటాలూ నియమాలూ ఇంటర్నెట్‌లో ఉచితంగానే పెడతారు. ముఖ్యమైన మార్పులు 28 రోజులకొక లెక్కన అమల్లోకి వస్తాయి. ఈ లోపు ఏదైనా మారితే 'నోటామ్' అనే ప్రకటన ఇస్తారు, బయల్దేరేముందు అది తప్పక చదవాలి. డబ్బు కట్టి తెప్పించుకునే జెప్పెసెన్ పటాలూ ఉన్నాయి కానీ, నేర్చుకునేవాళ్ళకి మొదట్లోనే అంత ఖర్చు అక్కర్లేదని నా ఉద్దేశం.

ఆ ఉచిత పటాలు ప్రింటు తీయించడానికి మళ్ళీ నాంపల్లి వెళ్ళాం. జిరాక్సు అబ్బాయి కాగితానికి సరిపోయేలా కాస్త కుదించి ఇచ్చాడు. చూడ్డానికి ముద్దుగానే ఉంది, కానీ టేపు పెడితే కొలత తప్పింది. "అసలు సైజులో తియ్యి నాయనా" అని రెండోసారి తీయించాను. "ఇంటి ప్లానా ఆంటీ?" అన్నాడు.

"కాదు బాబూ, రన్‌వే" అంది మా అమ్మాయి.

వచ్చే వారం అది ఒంటరిగా మరో ఊరికి వెళ్ళి రావాలి. రాత్రి భోజనాలయ్యాక బల్ల తుడిచి ఇచ్చాను, గీత గీసుకుంటోంది. మా అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని పక్కన కూర్చుని, "ఈ కాగితం ఏ తేదీదే?" అని అడుగుతున్నారు.