‘డీమన్ స్లేయర్’ తర్వాత ఏంటి?

14 సెప్టెంబర్ 2025, ఆదివారం, ఖమ్మం

అక్క కొడుకు, వాడి ఇంటర్ స్నేహితులు ‘డీమన్ స్లేయర్’ సినిమా ‘ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగులో చూసొచ్చారు. మొన్న శుక్రవారమే వచ్చింది. రాత్రి అన్నాల దగ్గర మొదలుపెట్టాడు: “మామయ్యా, ఇలాంటిదే ఇంకోటి చెప్పు.” ఇలాంటిదంటే? కత్తులా, రాక్షసులా, రైలూ కరెంటూ వచ్చేసిన ఆ జపాన్ తైషో కాలమా? గుచ్చి గుచ్చి అడిగితే, “రాక్షసుడు చచ్చేముందు వాడి పాత బతుకు చూపిస్తారు కదా, అది” అన్నాడు.

అయితే ‘దొరొరో’నే. ఒసాము తెజుకా 1967లో మొదలుపెట్టిన మాంగా. అధికారం కోసం తండ్రి పుట్టబోయే కొడుకు ఒంటిని రాక్షసులకు రాసిచ్చేస్తాడు. ఆ కొడుకు హ్యక్కిమారు ఒక్కొక్కణ్ణి చంపుతుంటే ఒక్కో అవయవం తిరిగొస్తుంది. మాంగాలో రాక్షసులు 48 మంది, 2019 అనిమేలో 12 మందే. నా ఓటు అనిమేకే. చెవులు రాగానే లోకమంతా రొదై మీద పడితే వాడు విలవిల్లాడతాడు చూడండి, అది ఒక్కటి చాలు.

‘ఇనుయాష’ సంగతీ అడిగాడు. రుమికో తకహషి 1996 నుంచి 2008 దాకా గీసింది. అనిమే మొదటి విడతే 167 ఎపిసోడ్లు. పరీక్షలయ్యేదాకా దాని పేరెత్తొద్దన్నాను. అక్క విని నాకు ఇంకో గరిటె పప్పు వేసింది.

20 సెప్టెంబర్, భద్రాచలం

పక్క వాటాలో నర్సింగ్ చదివే అమ్మాయి ఉంటోంది. కోయపిల్ల, దుమ్ముగూడెం వైపు పల్లె. తనకి రాక్షసులు అక్కర్లేదు. అడవి ఉండాలి, పాత కాలం ఉండాలి. సతోరు నోదా ‘గోల్డెన్ కముయ్’ (2014–22) ఇచ్చాను. రష్యా–జపాన్ యుద్ధం అయ్యాక హొక్కైదోలో బంగారం వేట. నెత్తురెక్కువ, చిన్నపిల్లల చేతికివ్వకూడదు. కానీ అసిర్పా అనే ఐను (అక్కడి ఆదివాసీ) పిల్ల ఉడుత మాంసాన్ని కత్తితో కొట్టి కొట్టి ముద్ద చేసి వండే పుటలున్నాయే, వాటికోసమైనా చదవాలి.

అవి చూసి నవ్వింది. “ఆ ఐను మాటలు నిజంవేనా అన్నా, కల్పించారా?” నిజంవే, హిరోషి నకగవా అనే ఐను భాషా పండితుడు దగ్గరుండి చూశాడు. “మరి మా మాటతో ఎవరూ గీయరేం?” అంది.

గీసిన కథ కోయలకు కొత్తా? పడిగె గుడ్డ మీద మూలపురుషుల చరిత్ర బొమ్మల్లోనే ఉంటుంది, డోలీ గాయకులు దాన్ని చూస్తూ పాడతారు. మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది డోలు పట్టుకుని ఆ చరిత్రలు పాడినందుకే. కాకతీయుల మీద సమ్మక్క, సారలమ్మల పోరు అందులోదే. యుద్ధమూ ఉంది, మహిమా ఉంది, మావాడు అడిగే సరుకంతా ఉంది. రామచంద్రయ్య 2024లో పోయారు. “పడిగెని మా ఊళ్లో జాతరకే బయటికి తీస్తారు. దగ్గర్నుంచి నేనెప్పుడూ చూడలేదు” అంది.

28 సెప్టెంబర్

ఆ అమ్మాయికి ఇప్పుడు ‘ముషిషి’. యుకి ఉరుషిబారాది. గింకో ఊరూరా తిరుగుతూ, కంటికి కనపడని జీవాలు పట్టి పీడించేవాళ్లకి వైద్యం చేస్తాడు. విలన్ లేడు. నయం కాని కేసులూ ఉంటాయి; నర్సుకి పనికొస్తుంది.

మియజాకి ‘ప్రిన్సెస్ మోనోనొకె’ (1997) ఎవరికివ్వాలా అని ఆలోచించక్కర్లేదు, ఈ దారిలో ఎవరికైనా ఇవ్వొచ్చు. అడవి నరికే ఎబోషీయే కుష్ఠురోగులకు పని ఇచ్చి కూడు పెడుతుంది. సారపాక కాగితం మిల్లూ, మణుగూరు బొగ్గూ చూస్తూ పెరిగినవాళ్లకి ఆవిడ మీద పూర్తిగా కోపం రాదు. నాకైతే రాలేదు.

2 అక్టోబర్, దసరా

మావాణ్ణి పర్ణశాల తీసుకెళ్లాను. సీతమ్మ నారచీరలు ఆరేసిందని చెప్పే బండల మీద చారలు చూపించి, రాత్రి యుగో సాకో ‘రామాయణ’ పెట్టాను. 1983లో తవ్వకాల మీద డాక్యుమెంటరీ తీయడానికి మన దేశమొచ్చిన జపాన్ మనిషి, రామాయణం పట్టుకుని వదల్లేదు. యానిమేటర్ రామ్ మోహన్‌తో కలిసి ఈ బొమ్మ తీశాడు. తెలుగులో హాళ్లకొచ్చింది మాత్రం ఈ జనవరిలోనే.

“బొమ్మ మెల్లగా నడుస్తోంది మామయ్యా” అని గొణిగాడు. కుంభకర్ణుడు లేచేసరికి ఫోన్ బోర్లా పెట్టాడు. చేత్తో గీసిందంటే నమ్మక, ఆ ముక్క వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు.