ఏ గుండు ఎక్కేది?

రాయచూరు, సోమవారం రాత్రి

ఒరేయ్ తమ్ముడూ,

నీ లెక్కన చూస్తే ఈ కొండ పనికిరాదు. సామాను లాడ్జిలో పడేసి నేరుగా కోటకి వెళ్ళి బాలాహిస్సార్ ఎక్కి దిగాను. మూడు వందల అడుగుల ఎత్తు కూడా ఉండదు. చెప్పులేసుకున్నవాళ్ళు, చంకలో పిల్లనెత్తుకున్న తల్లి, అందరూ నా పక్కనుంచే ఎక్కేశారు. పైన పాత ఫిరంగి ఉంది, గాలి ఉంది. నీకు కావలసిన కష్టం మాత్రం లేదు.

గుల్మార్గ్ వెళ్ళొచ్చినప్పటి నుంచీ ఏ కొండ కనపడినా దాన్ని కష్టంతో తూచడం నీకు అలవాటైపోయింది. అక్కడ గొండోలా రెండో అంచె మిమ్మల్ని పదమూడు వేల అడుగుల దగ్గర అఫర్వత్ మీద దించేస్తుంది. ఇక ఒళ్ళు విరగ్గొట్టుకోకుండా కిందికి జారడమే పరీక్ష. ఔలీ వాలు మెల్లనిదని నువ్వే పెదవి విరిచావు. ఇక్కడ మంచూ లేదు, తీగబండీ లేదు. నీ కాళ్ళూ వేళ్ళే నిన్ను పైకి చేర్చాలి. మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టు ఎక్కే ముందు సాధన చేసిన భువనగిరి బండ మీద పాఠాలు నేర్చుకున్నవాళ్ళు మీరు. ఆ బృందాన్ని జనవరిలో రాయచూరు జిల్లాలో ఎక్కడికి తీసుకురావాలో చూసి చెప్పమన్నావు. చూస్తున్నాను.

కొండ నిరాశపరిచినా కోట పడమటి గోడ దగ్గర నుంచి కదల్లేకపోయాను. దాదాపు 41 అడుగుల పొడవున్న ఒకే రాయి, దాని మీద తెలుగు శాసనం! 1294 నాటిది. గోన గన్నారెడ్డి మంత్రి విఠలుడు ఆదవాని, తుంబళం, మానువ, హాలువ కోటలు పట్టుకుని, తర్వాత ఈ కోట కట్టించాడని అందులో ఉంది. అడివి బాపిరాజు నవల చదివి గుర్రం కొనిపెట్టమని నాన్నని సతాయించావే, ఆ గన్నారెడ్డే. అంత రాయిని బండి మీద ఎక్కించి, వరసగా దున్నపోతులు కట్టి లాక్కొస్తున్న బొమ్మ కూడా అక్కడే చెక్కారు. ఎవరు రాయించారో చెప్పి ఊరుకోకుండా, ఎలా మోశారో కూడా చూపించిన శాసనం నేనింకెక్కడా చూళ్ళేదు.

కొండ సులువు కాబట్టి కష్టాన్ని గోడగా కట్టుకున్నారు, అదీ రెండు వరసలు. 1520లో కృష్ణదేవరాయలు ముట్టడించినప్పుడు రాళ్ళు పీకినవాళ్ళకి రాయి సైజును బట్టి డబ్బులిచ్చారని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. కిందనుంచి రాయల పక్షాన పోర్చుగీసు తుపాకులవాళ్ళు గోడ మీద తల ఎత్తినవాణ్ణల్లా కాలుస్తుంటే, ఆ సందులో వీళ్ళు రాళ్ళు ఊడదీశారు.

రేపు ముద్గల్.

అక్క

లింగసుగూరు, బుధవారం

తమ్ముడూ,

ముద్గల్ చూసి నీ మీద జాలేసింది. నువ్వు చూస్తే చేతులు దురదపెట్టే గుండ్లన్నీ కోటలోనే ఉన్నాయి. కట్టినవాళ్ళు బండల్ని తొలగించకుండా వాటినే గోడలో కలిపేసుకున్నారు. ఒక గుండు పక్కన నాలుగు వరసల కట్టుడు రాయి, మళ్ళీ ఇంకో గుండు. ఒకచోట అడుగున లోపలికి వంగి, పైన పొట్ట బయటికి వచ్చిన బండ ఉంది. దాని అంచు మీద వేళ్ళు పట్టేంత గాడి కూడా కనపడింది. ముట్టుకోలేదు. ఇలాంటి కట్టడాల మీద చాక్ పొడి మరకలు, బోల్టులు పెట్టే పని ఎవరు చేసినా నాకు ఒళ్ళు మండుతుంది. మీవాళ్ళకి ముందే చెప్పు. ఎక్కడానికి కాదు, చూడ్డానికి ఇది.

అమ్మకి మాత్రం ఇదే సరైన చోటు. చెరువంత కందకం, దాని గట్టున నెమ్మదిగా నడవొచ్చు. ఈ ఊరి కంసాలి కూతురి కోసం 1406లో విజయనగరానికీ బహమనీలకీ యుద్ధం జరిగిందని చరిత్రకారుడు ఫెరిష్తా రాసిన కథ నడుస్తూ చెప్పు. నమ్మదు, కానీ మళ్ళీ చెప్పించుకుంటుంది.

ఈ దారిలో ఇంకోటి గమనించాను. నీడపట్టున వేలాడే బండల కింద పెద్ద తేనెపట్లున్నాయి. గోనెసంచంత ఉంటాయి, దూరం నుంచి నల్లటి మరకలాగే కనపడతాయి. తాడు కట్టుకుని సగంలో ఉన్నవాడి మీద అవి లేచాయంటే ఇక దేవుడే దిక్కు. కాబట్టి బండ ముందు నిలబడగానే పట్టు ఎక్కడుందని కాదు, తేనెపట్టు ఎక్కడుందని వెతకండి.

అక్క

సింధనూరు, శుక్రవారం

ఒరేయ్,

ఇది క్యాంపు నుంచి రాస్తున్నాను. తుంగభద్ర ఎడమ కాలవ నీళ్ళు పారాక మనవాళ్ళు కోస్తా నుంచి వచ్చి భూములు కొని కట్టుకున్న ఊళ్ళకి ఇక్కడ క్యాంపులనే పేరు. ఇంటి పెద్దాయన పుట్టింది గోదావరి పక్కన. మనవరాలితో మాత్రం కన్నడంలోనే మాట్లాడుతున్నాడు. నాకు సోనామసూరి అన్నం, గోంగూర పెట్టారు, పక్కనే జొన్నరొట్టె కూడా. బండలెక్కడానికి హైదరాబాదు నుంచి వస్తారని చెబితే నవ్వి, “క్వారీవాళ్ళు కోసుకుపోక ముందే వచ్చి చూసుకోమనమ్మా” అన్నాడు.

వచ్చే దారిలో మస్కి దగ్గర ఆగాను. 1915లో బీడన్ అనే ఆంగ్లేయ ఇంజనీరు బంగారం వెతుకుతూ ఇక్కడి కొండ బండ మీద అశోకుడి శాసనం కనిపెట్టాడు. అప్పటిదాకా దొరికిన ఆయన శాసనాల్లో దేవానాంప్రియ, ప్రియదర్శి అన్న బిరుదులే తప్ప అశోకుడనే పేరు లేదు. ఆ పేరు మొదట బయటపడింది ఈ బండ మీదే. బీడన్ వెతికిన బంగారం కూడా ఉత్తదేం కాదు, హట్టి గని ఈ చుట్టుపక్కలే ఇప్పటికీ నడుస్తోంది.

శాసనం ఉన్న చోటికి దూరంగా వచ్చి, పొలాల పక్కన ఒక గుండు మీద చేతులు వేసి చూశాను. నువ్వడిగిన విషయం కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ఈ గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటిది. పగుళ్ళలోకి నీళ్ళు దిగి, మూలలు ముందు అరిగి, గుండ్రంగా మారింది. పైన ఉల్లిపొరలా రేకులు లేస్తాయి. కొన్ని రేకులు పట్టుకోవడానికి భలే అనిపిస్తాయి, కానీ వేలి కణుపుతో కొట్టి చూస్తే డొల్ల చప్పుడు. అది పట్టు కాదు, చేతికి ఊడివచ్చే రాయి. గట్టి బండ మీద స్ఫటికాలు గరుకుగా ఉండి బూటు అంటుకుంటుంది, చేతి చర్మం మాత్రం లేచిపోతుంది. నీకేమో నున్నటి వాలు బండలంటే చిరాకు, వేలాడే బండలంటే మోజు. ఇక్కడ ఎక్కువగా ఉన్నవి వాలు బండలే. పట్టే లేకుండా అరికాలి రాపిడి మీదే నిలబడాలి. నీ బలం అక్కరకు రాదు, భయం అదుపులో ఉండాలి.

ఇంకో చిక్కుంది. గుండుకి అన్ని వైపులా ఒకే గుండ్రం. ఎక్కడానికి దారి దొరికినంత తేలిగ్గా దిగడానికి దొరకదు. కింద ముళ్ళ కంపలు, కంపల్లో చిన్న రాళ్ళు, రాళ్ళ కింద తేళ్ళు. కష్టం కావాలన్నావు కదా, ఉంది. కానీ ఎనిమిది మందిని తెచ్చి, ఒకడి కాలు మడతపడితే రోడ్డు దాకా మోసుకుపోయే దారి కూడా లేని చోట నేను ఒప్పుకోను.

అక్క

ఆనెగొంది, ఆదివారం

తమ్ముడూ,

నా తీర్పు ఇదీ: ఆనెగొంది, సాణాపుర వైపు రండి. ఇది రాయచూరు జిల్లా కాదు కదా అని నువ్వంటావని తెలుసు. 1997లో కొప్పళ జిల్లా విడగొట్టేదాకా రాయచూరే. నాన్న పాత మ్యాపు తీసి చూడు.

బండలెక్కడంలో పేరున్న క్రిస్ శర్మ 2003 నాటి ‘పిల్‌గ్రిమేజ్’ సినిమాలో ఎక్కింది ఈ హంపి బండలే. ఇక్కడి గొప్ప ఎత్తులో లేదు, దగ్గరదగ్గరగా ఉండడంలో ఉంది. పావుగంట నడకలో వాలు బండ, వేలాడే బండ, చేయి దూర్చి ఎక్కే చీలిక, మూడూ దొరుకుతాయి. ఈ ఉదయం పొలం గట్టున ఒక గుంపు బండలు చూశాను. పడితే పడేది మెత్తటి మట్టి మీద, దిగడానికి వెనకవైపు మెట్టులాంటి చీలిక. కష్టం ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు, అదే గుండుని పక్క వైపు నుంచి ఎక్కితే సరి. బలమున్న నీకూ, మీ బృందంలో కొత్తగా చేరిన అమ్మాయికీ ఒకేచోట పని దొరుకుతుంది. గుల్మార్గ్‌లో కొత్తవాళ్ళని కింద వదిలేసి నువ్వు పైకెళ్ళిపోయినట్టు ఇక్కడ కుదరదు.

పద్ధతులు రాస్తున్నాను, నచ్చకపోయినా చదువు. నది అవతల హంపి, 1986 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. అక్కడ గుడి గోడ, మండపం, చెక్కిన రాయి దేన్నీ తాకకండి. విరూపాపుర గడ్డ మీది గెస్ట్‌హౌసులు 2020లో కూల్చేశారు, పాత గైడుపుస్తకం నమ్మి అక్కడ గది వెతక్కండి. ఆనెగొందిలోనో సాణాపురలోనో దిగండి. పొలం ఎవరిదో వాళ్ళనడిగి గట్టు దాటండి. నాట్లు పడుతుంటే చుట్టూ తిరిగి వెళ్ళండి. చిరుతలున్న కొండలివి, చీకటి పడేలోగా గదికి చేరాలి. పది దాటాక బండ కాలుతుంది, వేళ్ళు చెమట పట్టి జారతాయి, జనవరిలోనైనా అంతే. కాబట్టి తెల్లారకముందే లేవాలి. నీకు ఇదే అన్నిటికన్నా కష్టం.

క్రాష్ ప్యాడ్లు మీవి మీరే తెచ్చుకోండి, వేళ్ళకి చుట్టుకునే టేపు రెట్టింపు తీసుకోండి. అమ్మని కూడా తీసుకురా. మీరు బండల మీద ఉన్న పూట నేను ఆమెని ముద్గల్ తీసుకెళ్తాను. రాయచూరులో దిగగానే ముందు శాసనం చూసి రండి, బాలాహిస్సార్ వదిలేసినా ఫరవాలేదు. ఏ రోజు బయల్దేరుతున్నారో ఫోన్ చెయ్యి, సాణాపురలో గదులు చెప్పి ఉంచుతాను.

అక్క