రాడ్డు బ్రేకుల బండి

మల్దకల్ వంటి చిన్న ఊళ్లో పాతకాలపు తీరు సైకిల్‌ను తక్కువ ఖర్చుతో తయారు చేసుకోవాలంటే ముందు వెతకాల్సింది ఫ్రేమ్. 1951లో మొదలైన అట్లాస్, 1956లో మొదలైన హీరో కంపెనీల 28 అంగుళాల చక్రాల బండ్లు ఇప్పటికీ పాత ఇనుప సామాన్ల కింద తూకానికి పోతున్నాయి. అంత గట్టి బండ్లను అలా పోనివ్వడం అన్యాయం.

ఫ్రేమ్‌లో చూడాల్సింది గొట్టాల అతుకులు. తుప్పు పైపైనే ఉంటే గీకి రంగు వేస్తే సరిపోతుంది. అతుకు దగ్గర పగులుంటే కరెంటు వెల్డింగ్ పెట్టించకూడదు, పల్చటి గొట్టం కాలి చిల్లు పడుతుంది. గ్యాస్ మంటతో ఇత్తడి కరిగించి అతికించాలి.

ఆ బండ్ల అందమంతా రాడ్డు బ్రేకుల్లోనే ఉంది. పిడి నొక్కగానే రాడ్లు పైకి లేచి, రబ్బరు ముక్కలను రిమ్ము లోపలి వైపుకు అదుముతాయి. రిమ్ము కాస్త వంగినా చక్రం తిరిగిన ప్రతిసారీ బ్రేకు రాసుకుంటుంది. ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలు. ఒక్కొక్కటే బిగిస్తూ, వదులు చేస్తూ బెండు తీయాలి. ఈ పని తెలిసిన పాత మేస్త్రీ దొరికితే అతని దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సిందే.

చైను కవరును రేకుతో, క్యారేజిని సన్నటి ఇనుప చువ్వలతో ఇంట్లోనే చేసుకోవచ్చు. ఫోర్కు, ఇరుసులు, బ్రేకు రబ్బర్లు మాత్రం దుకాణంలో కొన్నవే వేయాలి.